కార్డు మీద డబ్బు పోతే, మీ పేరున అప్పు పుడితే: ఏ పని ముందు, ఏది తర్వాత

కార్డు మీద డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చాలామంది చేసే మొదటి పని బావమరిదికో, బ్యాంకులో పనిచేసే తెలిసినవారికో ఫోన్ చేసి "ఇట్లయింది, ఇప్పుడేం చేయాలె" అని అడగడం. రెండో పని తెల్లవారి బ్యాంకు తెరిచేదాకా ఎదురుచూడడం. ఈ రెండింటి మధ్య గడిచే సమయంలోనే సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారి, ఎక్కడో ఏటీఎంలో నగదుగా బయటికి వచ్చేస్తుంది. అందువల్ల మోసాల రకాలన్నిటినీ ఏకరువు పెట్టడం కంటే, ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్పడానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి వంటి ఊళ్లలో ఉండేవారికి ఎదురయ్యే సందర్భాలను దృష్టిలో పెట్టుకొని రాసినప్పటికీ, ఇందులోని నియమాలు దేశమంతటికీ వర్తించేవే.

ముందుగా ఒక తేడాను గమనించండి. మీ కార్డు వివరాలతో మరొకరు ఖర్చు చేయడం కార్డు మోసం. మీ ఆధార్, పాన్, ఫోటో, సంతకం వాడుకొని మీ పేరున కార్డో, అప్పో, సిమ్మో తీసుకోవడం గుర్తింపు చోరీ. మొదటిదానిలో గంటలు ముఖ్యం. రెండోది చాలాసార్లు నెలల తర్వాత గాని బయటపడదు కాబట్టి, అందులో కాగితాలు ముఖ్యం.

మెసేజ్ వచ్చిన మొదటి అరగంట

మీరు చేయని ఖర్చుకు మెసేజ్ వస్తే, ఆ మెసేజ్‌లో ఉన్న లింకును గాని, ఫోన్ నంబరును గాని ముట్టుకోవద్దు. "ఈ లావాదేవీ మీరు చేయకపోతే వెంటనే ఇక్కడ నొక్కండి" అని భయపెట్టే దొంగ మెసేజ్‌లు కూడా వస్తుంటాయి కనుక, ఖర్చు నిజంగా జరిగిందా లేదా అన్నది బ్యాంకు యాప్ తెరిచి అందులోనే చూసుకోవాలి. జరిగినట్టు కనబడితే, అదే యాప్‌లో కార్డును లాక్ చేయండి. దీనికి ఎవరితోనూ మాట్లాడనవసరం లేదు.

లాక్ తాత్కాలికమైన ఏర్పాటు మాత్రమే. ఆ వెంటనే కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, కార్డును శాశ్వతంగా బ్లాక్ చేయించి, వారిచ్చే ఫిర్యాదు నంబరును, మాట్లాడిన సమయాన్ని రాసుకోండి. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. బ్యాంకుల పేరున దొంగ నంబర్లు పెట్టి, కంగారులో ఫోన్ చేసేవారి కోసమే కాచుకొని కూర్చునేవారు ఉన్నారు. అప్పటికే ఒకసారి పోగొట్టుకున్న మనిషి రెండోసారి ఇలాగే పోగొట్టుకుంటాడు.

మూడో పని 1930కి ఫోన్ చేయడం. ఇది కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలో నడిచే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. మీరు చెప్పిన వివరాలు ఒక ఫిర్యాదుగా నమోదై, డబ్బు చేరిన బ్యాంకుకో వాలెట్ సంస్థకో వెంటనే అందుతాయి. సొమ్ము ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే దాన్ని అక్కడే నిలిపివేస్తారు, మరో బ్యాంకుకు దాటిపోయి ఉంటే ఫిర్యాదు కూడా ఆ బ్యాంకుకు వెళుతుంది. డబ్బు ఎక్కడైనా ఆగి ఉన్నంతసేపే ఈ ఏర్పాటు పనిచేస్తుంది, నగదుగా తీసుకున్న తర్వాత ఆపడానికి ఏమీ మిగలదు. అందుకే రాత్రి పదకొండయినా, పండుగైనా ఫోన్ చేయాలి. చేసే ముందు మీ పేరు, కార్డు ఏ బ్యాంకుది, పోయిన మొత్తం, తేదీ, సమయం, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ సంఖ్య ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే మాట తడబడదు. ఫోన్‌లో చెప్పిన తర్వాత మీకు ఒక రసీదు సంఖ్య వస్తుంది; దానితో 24 గంటలలోపు సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే జాతీయ పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపాలి. లైన్ దొరకకపోతే నేరుగా పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు.

నాలుగో పనిని చాలామంది మరిచిపోతారు. క్రెడిట్ కార్డు సొమ్ము ఎక్కువగా నగదుగా కాక వస్తువుగా మారుతుంది: ఖరీదైన ఫోన్, గిఫ్ట్ వోచర్, వాలెట్‌లో జమ. మెసేజ్‌లో ఆ సంస్థ పేరు ఉంటుంది. ఆ సంస్థ అధికారిక యాప్‌లోని సహాయ విభాగం ద్వారా, ఫలానా సమయానికి ఫలానా మొత్తానికి జరిగిన కొనుగోలు మోసమని తెలియజేస్తే, సరుకు ఇంకా బయలుదేరకపోతే ఆర్డరును ఆపే అవకాశం ఉంటుంది.

ఓటీపీ రాకుండానే, కార్డు జేబులో ఉండగానే

"కార్డు నా దగ్గరే ఉంది, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, మరి డబ్బు ఎట్ల పోయింది?" అన్నది తరచుగా వినబడే ప్రశ్న. మన దేశంలోని సంస్థల దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ అడుగుతారు గాని, విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ చాలన్నట్టే పనిచేస్తూ వచ్చాయి. ఆ మూడు వివరాలూ కార్డు ఫోటో ఒకటి తీస్తే దొరుకుతాయి. హైవే మీది దాబాలోనో పెట్రోలు బంకులోనో కార్డును మనిషి చేతికిచ్చి మీరు బండిలోనే కూర్చుంటే, ఆ రెండు నిమిషాలలో ఏం జరిగిందో మీకు తెలియదు. మిషన్‌నే మీ దగ్గరికి తెమ్మనండి, లేదా మీరే దాని దగ్గరికి వెళ్లండి.

ఇంకొక దారి ఫోన్‌లోకి వచ్చే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో ఒక యాప్‌ను పెట్టేసే ఫైలు. ట్రాఫిక్ చలానా, రైతు భరోసా జాబితా, పెళ్లి పత్రిక, బ్యాంకు కేవైసీ అనే పేర్లతో వాట్సాప్‌లో వస్తుంది. తెలిసినవారి నంబరు నుంచే వచ్చినా నమ్మకూడదు, ఎందుకంటే వారి ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలోకి పోయి ఉండవచ్చు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చారంటే, మీ మెసేజ్‌లను అది చదివి మరొకరికి పంపగలదు. మీరు ఓటీపీ చెప్పలేదన్నది నిజమే, మీ ఫోనే చెప్పింది. అటువంటి ఫైలు తెరిచారని అనుమానం వస్తే మొబైల్ డేటాను, వైఫైని ఆపేసి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు కబురు చేయండి. తర్వాత ఆ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ (అందులోనిదంతా తుడిచేయడం) చేయించకుండా మళ్లీ బ్యాంకు యాప్ పెట్టుకోవద్దు.

రాతపూర్వకంగా చెప్పడం, రోజులు లెక్కపెట్టడం

ఫోన్‌లో చెప్పింది ఫోన్‌లోనే పోతుంది. అందువల్ల అదే రోజు బ్యాంకుకు ఈమెయిల్ పంపండి. ఈమెయిల్ అలవాటు లేకపోతే శాఖకు వెళ్లి దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సహా స్టాంపు వేయించుకోండి. భాష గొప్పగా ఉండనవసరం లేదు. ఇలా రాస్తే సరిపోతుంది: "ఈ చివరి నాలుగు అంకెలు గల నా క్రెడిట్ కార్డు మీద, ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా సంస్థ పేరున ఇంత మొత్తం ఖర్చయినట్టు నాకు మెసేజ్ వచ్చింది. ఈ లావాదేవీ నేను చేయలేదు, నా అనుమతితో జరగలేదు. అప్పుడు కార్డు నా దగ్గరే ఉంది. ఇంత సమయానికి మీ కస్టమర్ కేర్‌కు తెలియజేసి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు సంఖ్య ఇది. 1930 రసీదు సంఖ్య ఇది. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం ఈ మొత్తాన్ని నా ఖాతాకు తిరిగి జమ చేయవలసిందిగా కోరుతున్నాను." పూర్తి కార్డు నంబరును, సీవీవీని ఇందులో రాయకూడదు. మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేయండి.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన ఆదేశాలను తెలుసుకోవడం అవసరం. తప్పు బ్యాంకుదైతే, మీరు ఎప్పుడు చెప్పారన్నదానితో పని లేకుండా మీకు నష్టం ఉండకూడదు. తప్పు బ్యాంకుదీ కాక, మీదీ కాక మధ్యలో మరెక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన తర్వాత మూడు పనిదినాలలోపు తెలియజేసినవారి బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే కొంత భారం మీ మీద పడుతుంది గాని దానికి పరిమితి ఉంది: జన్ ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాలకు 5,000 రూపాయలు, మిగిలిన పొదుపు ఖాతాలకూ 5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డులకూ 10,000 రూపాయలు, అంతకు మించిన పరిమితి గల కార్డులకు 25,000 రూపాయలు, పోయిన మొత్తం దీనికన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే. ఏడు పనిదినాలు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ఏం చెబితే అది. ఇటువంటి నియమాలను రిజర్వ్ బ్యాంకు సవరిస్తూ ఉంటుంది కాబట్టి, మీ బ్యాంకు వెబ్‌సైటులో వినియోగదారుల రక్షణ విధానం అనే పత్రం తాజా ప్రతిని కూడా ఒకసారి చూడండి.

లెక్క ఎలా వేస్తారంటే, మెసేజ్ అందిన రోజును వదిలేస్తారు. మీ ఖాతా ఉన్న శాఖ పనిచేసే రోజులనే పరిగణిస్తారు. రెండో శనివారానికి ముందు రోజు, అంటే శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చిందనుకుందాం. శుక్రవారం లెక్కలో లేదు, శని, ఆదివారాలు సెలవు, కాబట్టి బుధవారం ముగిసేలోపు చెప్పినా మూడు రోజుల గడువులోనే చెప్పినట్టు. అయితే ఈ వెసులుబాటు బాధ్యత ఎవరిదో తేల్చడానికే తప్ప డబ్బును పట్టుకోవడానికి పనికిరాదు, మోసగాడికి రెండో శనివారం సెలవు లేదు.

మీరు తెలియజేసిన పది పనిదినాలలోపు బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాకు జమ చేయాలి, 90 రోజులలోపు ఫిర్యాదును తేల్చాలి. తప్పు మీదేనని రుజువు చేయవలసిన భారం కూడా బ్యాంకుదే. శాఖలో "ఓటీపీ వాడినట్టు చూపిస్తోంది, మేమేం చేయలేం" అని నోటిమాటగా పంపేస్తే, ఆ మాటనే కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. నోటిమాటగా సులభంగా చెప్పేసిన విషయాన్ని రాసి ఇవ్వమంటే చాలామంది ఫైలు తెరిచి చూస్తారు.

మరి ఓటీపీ నిజంగానే చెప్పేసినవారి సంగతి ఏమిటి? బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మొత్తం వారిదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఈ నియమం కఠినమైనదే గాని, అందులో ఒక పనికొచ్చే అంశం ఉంది: తప్పు మీదైనా సరే, మీరు ఫోన్ చేసిన నిమిషం నుంచి మీ నష్టం ఆగిపోతుంది. ఇంట్లోవారు తిడతారనో, నలుగురిలో పరువు పోతుందనో రెండు రోజులు దాచిపెట్టినవారే ఎక్కువ నష్టపోతారు.

పోలీసు స్టేషనుకు వెళ్లాలా?

1930కి చేసిన ఫోన్ డబ్బును ఆపడానికి పనికివస్తుంది. కేసు నమోదు కావడం వేరే సంగతి. పెద్ద మొత్తం పోయినప్పుడు, మీ పేరున అప్పు పుట్టినప్పుడు ఎఫ్‌ఐఆర్ ప్రతి మీ చేతిలో ఉండాలి, ఎందుకంటే బ్యాంకు, అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలు తర్వాత అడిగే మొదటి కాగితం అదే. నేరం ఎక్కడ జరిగిందో తెలియదు, హైదరాబాద్ వెళ్లండి అంటే ఒప్పుకోనవసరం లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద కేసులను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి కనుక మండల స్టేషను నుంచి ఫైలు పైకి వెళ్లడం మామూలే, దానికి కంగారు పడవద్దు. ఇతరుల పాస్‌వర్డు, సంతకం, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడడం ఆ చట్టంలోని 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఫిర్యాదులో ఆ సెక్షన్ పేరు రాస్తే మంచిది.

మోసగాడి ఖాతాలో నిలిచిపోయిన డబ్బు దానంతటదే మీకు రాదు, సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో ఇటువంటి దరఖాస్తులను లోక్ అదాలత్‌లలో పెట్టి సొమ్ము తిరిగి ఇప్పిస్తున్నారు. మీ ఫిర్యాదులో ఎంత మొత్తం ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకొని, తర్వాతి లోక్ అదాలత్‌లో మీ దరఖాస్తు ఉండేలా చూసుకోండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో కూడా విచారించవచ్చు.

ఇక ఫోన్‌లో, వీడియో కాల్‌లో "మీ ఆధార్ మీద కేసు ఉంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అనేవారి గురించి ఒక్క మాట చాలు: అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఫోన్ పెట్టేయండి.

బిల్లు వచ్చినప్పుడు

వివాదం తేలకముందే బిల్లు వస్తుంది. కోపంతో బిల్లు మొత్తం కట్టకుండా వదిలేయడం తప్పు. మీరు నిజంగా చేసిన ఖర్చును లెక్కవేసి గడువులోపు కట్టి, మిగిలినది వివాదంలో ఉందని అదే ఈమెయిల్‌కు జవాబుగా రాయండి. రిజర్వ్ బ్యాంకు 2022లో కార్డుల గురించి ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మోసమని మీరు అభ్యంతరం చెప్పిన లావాదేవీ మీద అది తేలేవరకు ఛార్జీలు వేయకూడదు. వేస్తే దాన్ని కూడా ఫిర్యాదులో కలపండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులను విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 14448 నంబరులో వివరాలు చెబుతారు. ఈ దశలోనే మీరు స్టాంపు వేయించుకున్న ప్రతి విలువ తెలుస్తుంది.

మీరు తీసుకోని అప్పు మీ పేరున కనబడితే

సాధారణంగా ఇది ఎలా బయటపడుతుందంటే, ట్రాక్టర్ లోనుకో ఇంటి లోనుకో వెళ్లినప్పుడు "మీకు ఇదివరకే ఒక అప్పు బకాయి ఉంది" అంటారు, లేదా ఎవరో వసూలు ఏజెంటు ఫోన్ చేసి గదమాయిస్తాడు. ఆ ఏజెంటుతో వాదించవద్దు, "కొంత కట్టి సెటిల్ చేసుకోండి" అంటే ఒక్క రూపాయి కూడా కట్టవద్దు, ఎందుకంటే కట్టడమంటే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు చూపే అవకాశం వారికిచ్చినట్టే. ఏ సంస్థ, ఏ లోన్ నంబరు, ఏ తేదీ అన్నవి మాత్రం అడిగి రాసుకోండి.

తర్వాత క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరున ఉన్న అప్పుల చరిత్ర తీయండి. మన దేశంలో దీన్ని ఇచ్చే సంస్థలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటినీ ఒకేరోజు తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే, ఏడాది పొడవునా ఖర్చు లేకుండా నిఘా పెట్టినట్టవుతుంది. కానీ మోసం బయటపడిన తర్వాత మాత్రం నాలుగూ వెంటనే తీయాలి. రిపోర్టులో అప్పుల జాబితా మాత్రమే చూసి వదిలేయకండి. మీ చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న భాగంలో మీది కాని ఊరు, మీది కాని నంబరు కనబడుతుందేమో చూడండి. ఎవరెవరు మీ రిపోర్టు అడిగారో చూపే భాగంలో మీరు ఎన్నడూ వెళ్లని ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో చూడండి. అప్పు పుట్టకముందే ప్రయత్నం జరిగినట్టు అక్కడ తెలిసిపోతుంది.

తప్పు నమోదు కనబడితే రెండు చోట్ల అభ్యంతరం చెప్పాలి: రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో, అప్పు ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా. రెండో లేఖలో దరఖాస్తు ఫారం ప్రతి, కేవైసీ కోసం తీసుకున్న ఫోటో, సొమ్ము జమ అయిన ఖాతా వివరాలు ఇమ్మని అడగండి. ఆ ఖాతా మీది కాదని తేలితే మీ వాదన సగం గెలిచినట్టే. ఎఫ్‌ఐఆర్ ప్రతి జతచేయండి. 30 రోజులలోపు సరిచేయకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. లేఖలో దాన్ని గుర్తు చేయడంలో తప్పు లేదు. మీరు అడగని క్రెడిట్ కార్డు ఇంటికి వస్తే దాన్ని యాక్టివేట్ చేయవద్దు, ఓటీపీ చెప్పవద్దు. మీ అనుమతి లేకుండా పంపిన కార్డు మీద ఛార్జీలు వేస్తే వాటిని రద్దు చేయడమే కాక అంతకు రెట్టింపు మొత్తం జరిమానాగా మీకు చెల్లించాలని 2022 ఆదేశాలు చెబుతున్నాయి.

పాన్ కార్డు విషయంలో ఇంకొక పరీక్ష ఉంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో వార్షిక సమాచార నివేదికను (ఏఐఎస్) తెరిస్తే మీ పాన్ మీద నమోదైన వడ్డీలు, కొనుగోళ్లు, అమ్మకాలు కనబడతాయి. కూలిపని చేసుకునేవారి పాన్ వాడి వ్యాపార సంస్థలు రిజిస్టరు చేసి, చివరికి జీఎస్టీ నోటీసు ఆ కూలీ ఇంటికి వచ్చిన ఉదంతాలు ఉన్నాయి. పన్ను కట్టే ఆదాయం లేదు కదా అని ఈ నివేదిక చూడకుండా వదిలేయవద్దు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి ఒక చిన్న సూచన: అక్కడ ఎవరైనా తమ క్రెడిట్ రిపోర్టును ఉచితంగా స్తంభింపజేసుకోవచ్చు, ఆ తర్వాత కొత్త అప్పులు పుట్టడం కష్టం. అదే పద్ధతి ఇక్కడ కూడా ఉందనుకొని వారు ఫోన్‌లో సలహా ఇస్తారు. మనకు అందుబాటులో ఉన్న దారి పైన చెప్పినట్టు రిపోర్టులు చూసుకుంటూ ఉండడమే.

జిరాక్సు సెంటరులో మిగిలిపోయే ఆధార్

కలెక్టరేటు ఎదురుగానో మీసేవ పక్కనో ఉండే జిరాక్సు సెంటరులో ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. వచ్చినవాళ్లు గోడకు అంటించిన నంబరుకు వాట్సాప్‌లో ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫోటోలు పంపుతారు. కుర్రవాడు వాటిని కంప్యూటరులో తెరిచి ప్రింటు తీసి, పది రూపాయలు తీసుకుంటాడు. ఆ ఫోటోలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అలాగే ఉంటాయి, వందలాది మందివి, పేర్లతో సహా. సెంటరు నడిపేవారు మంచివారే కావచ్చు. ఆ కంప్యూటరుకు పాస్‌వర్డు ఉండదు, రేపు అది పాడైతే ఎవరి చేతికి పోతుందో వారికే తెలియదు.

అందువల్ల పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, లేదా పంపినా మీ ఎదురుగానే అక్కడా, చాట్‌లోనూ తొలగించమని అడగండి. వీలైన ప్రతిచోటా ఆధార్ వెబ్‌సైటు నుంచి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకొని ఇవ్వండి. పూర్తి జిరాక్సు ఇవ్వక తప్పకపోతే, ఫోటో మీదుగా అడ్డంగా "ఫలానా సిమ్ కోసం మాత్రమే" అని తేదీతో రాసి సంతకం చేయండి. మిగిలిపోయిన, సరిగా రాని ప్రింట్లను అక్కడి చెత్తబుట్టలో వేయకుండా ఇంటికి తెచ్చుకోండి.

ఆధార్‌లోని వేలిముద్రలను యాప్ ద్వారా లాక్ చేసుకునే వీలు ఉంది, వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే మోసాలకు ఇది గట్టి అడ్డుకట్ట. అయితే మన దగ్గర రేషన్ షాపులో, పింఛను దగ్గర వేలిముద్ర వేయాలి కాబట్టి, తాత్కాలికంగా తెరిచిన లాక్ కొద్ది నిమిషాలకే మళ్లీ పడిపోతుందని గుర్తుంచుకొని, క్యూలో మీ వంతు వచ్చినప్పుడే తెరవండి. ఇంట్లో పెద్దవారికి ఈ లాక్ పెడితే, తెరిచే ఫోన్ ఉన్నవారు వెంట వెళ్లాలి. అది కుదరనివారికి లాక్ కంటే, ఆధార్‌తో డబ్బు తీసే సదుపాయాన్ని ఖాతాకు ఆపేయమని బ్యాంకులో అడగడం మేలు. ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూపే చరిత్ర కూడా అదే వెబ్‌సైటులో ఉంటుంది, అనుమానం ఉంటే 1947కు ఫోన్ చేయవచ్చు.

ఒక సాయంత్రం కూర్చొని చేయవలసిన సెట్టింగులు

బ్యాంకు యాప్‌లో కార్డు విభాగం తెరవండి. అంతర్జాతీయ లావాదేవీలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, తాకించి చెల్లించే సదుపాయం, ఏటీఎం నగదు అని వేర్వేరు మీటలు కనబడతాయి. వినియోగదారుడే వీటిని ఎప్పుడైనా ఆన్, ఆఫ్ చేసుకునే ఏర్పాటు ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2020లోనే ఆదేశించింది. అంతర్జాతీయ మీటను ఇప్పుడే ఆపేయండి. నా దృష్టిలో ఈ ఒక్క పని మిగిలిన జాగ్రత్తల్లో సగానికి సమానం, ఎందుకంటే ఓటీపీ లేకుండా పోయే డబ్బు ఎక్కువగా ఆ దారిలోనే పోతుంది. తాకించి చెల్లించేటప్పుడు 5,000 రూపాయల వరకు పిన్ అడగదు కనుక, వాడనివారు దాన్నీ ఆపవచ్చు. ఆన్‌లైన్ పరిమితిని మీ అవసరానికి తగ్గించి పెట్టుకోండి. పండుగకు ఫ్రిజ్ కొనేటప్పుడు పెంచుకొని మళ్లీ తగ్గించడం ఒక నిమిషం పని.

నిజంగా బ్యాంకు నుంచే వచ్చిందా అని చూడడానికి రెండు గుర్తులు ఉన్నాయి. బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగియాలని రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు చివరి వరకు గడువు పెట్టింది. ఖాతా లావాదేవీల గురించి బ్యాంకులు చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి ఎవరైనా "కార్డు పరిమితి పెంచుతాం, రివార్డు పాయింట్లు ఈరోజుతో పోతాయి" అంటే అది మీ బ్యాంకు కాదనుకోండి. నంబరు సరిగ్గా ఉన్నా సరే, ఓటీపీ అడిగితే మాత్రం పెట్టేయండి.

బొంబాయి పోయినా పాత సిమ్ మారకూడదు

పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయేవారిలో అక్కడికి వెళ్లాక చవకగా దొరికిన కొత్త సిమ్ వేసుకొని, ఊరి నంబరుకు రీచార్జి మానేయడం ఎక్కువ. వాడకుండా ఆగిపోయిన నంబరును టెలికాం కంపెనీ 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. బ్యాంకులో, ఆధార్‌లో మాత్రం అదే పాత నంబరు ఉంటుంది. అప్పుడు మీ ఖాతా మెసేజ్‌లు, ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళతాయి. మోసం జరిగినా మీకు కబురే రాదు. కాబట్టి నంబరు మార్చేటట్టయితే, పాతది ఇంకా పనిచేస్తుండగానే బ్యాంకు, ఆధార్, పాన్, గ్యాస్ కనెక్షన్ అన్నిటిలో కొత్తది నమోదు చేయించాలి. అంత తీరిక లేకపోతే పాత సిమ్‌కు కనీస రీచార్జి చేయిస్తూ రెండో స్లాటులో ఉంచుకోండి.

ఉన్నట్టుండి ఫోన్‌కు సిగ్నల్ పోయి, పక్కవారికి అదే కంపెనీ సిగ్నల్ వస్తుంటే, మీ నంబరు మీద మరొకరు కొత్త సిమ్ తీసుకున్నారేమోనని అనుమానించాలి. వెంటనే మరో ఫోన్ నుంచి టెలికాం కంపెనీకీ, ఆ తర్వాత బ్యాంకుకూ చెప్పండి. సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరున ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూడవచ్చు. మీది కాని నంబరు కనబడితే "నా నంబరు కాదు" అన్న ఎంపిక నొక్కితే దాన్ని పరిశీలించి ఆపుతారు. ఫోనే పోతే దాన్ని ఎక్కడా పనిచేయకుండా బ్లాక్ చేసే ఏర్పాటు కూడా అక్కడే ఉంది.

ఫోన్ పోయిన రోజు అందులో దాచుకున్న నంబర్లన్నీ దానితోపాటే పోతాయి గనుక, ఇంట్లో రేషన్ కార్డు పెట్టే చోట ఒక నోటుపుస్తకం ఉంచి, అందులో ప్రతి కార్డుకూ బ్యాంకు పేరు, చివరి నాలుగు అంకెలు, వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబరు, దానికి అనుసంధానమైన మొబైల్ నంబరు, శాఖ ఈమెయిల్, కింద 1930 అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పిన్, పాస్‌వర్డు, సీవీవీ ఆ పుస్తకంలో రాయవద్దు. ఇంట్లో చదవగలిగిన ఇంకొకరికి ఆ పుస్తకం ఎక్కడుందో చూపించండి.